ఆకుపచ్చ చీటీ ఎలుకలు

మార్చి 3

ప్రియమైన అక్కకు,

ముందుగా నా తెలుగు పేదరికానికి క్షమాపణ. పగటి పని ముగించుకుని, సాయంకాలపు కళాశాలలో వెనుక బల్ల మీద కూర్చుని, సగం నిద్రలో నేర్చుకున్న పుస్తకాల భాష ఇది. ఎక్కడెక్కడ అతుకులు వేశానో నీ వంటి కుట్టుపని మనిషికి వెంటనే కనబడుతుంది. అయినా నలభై ఎనిమిదో ఏట పట్టా చేతికి వచ్చాక రాస్తున్న మొదటి పెద్ద ఉత్తరం కనుక జాగ్రత్తగానే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దు. నవ్వకు.

మొన్న ఫోనులో "నీ ఎలుకల సంగతి వివరంగా రాయరా" అన్నావు. ఇన్నేళ్లలో నా ఉద్యోగం గురించి నువ్వు అడగడం ఇదే మొదటిసారి. ఇదివరకు ఎవరైనా అడిగితే "మా తమ్ముడు ఎలుకలను మేపుతాడు" అని చెప్పి ఊరుకునేదానివి. ఫోనులో నాకు మాటలు రావు, దగ్గు మాత్రమే వస్తుంది. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు.

మా గది భవనం అడుగున, నేలమాళిగలో ఉంది. లోపలికి వెళ్లాలంటే ముందు స్నానం, తరువాత అక్కడే ఉతికి ఉంచే దుస్తులు, తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. ఎలుకల వల్ల తమకు జబ్బు వస్తుందని లోకం భయపడుతుంది. మా దగ్గర మాత్రం మన వల్ల ఎలుకలకు జబ్బు రాకూడదని భయం. గోడ పొడవునా ఇనుప అరలు, అరల నిండా లోపల ఏముందో కనబడే ప్లాస్టిక్ పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఐదేసి తెల్లని ఆడ ఎలుకలు. పెట్టె అడుగున రంపపు పొట్టు, గూడు అల్లుకోవడానికి ఒక మెత్తని కాగితం. పొట్టు మార్చడం, తిండి, నీళ్ల సీసాలు, గది వేడి, దీపాలు వెలిగే వేళ, ఆరే వేళ, ఇవన్నీ నా బాధ్యత.

ఇప్పుడు జరుగుతున్నది రొమ్ము క్యాన్సర్‌కు ఒక కొత్త మందు పరీక్ష. అన్ని ఎలుకలకూ గడ్డ ఉంది. సగం పెట్టెలకు మందు ఇస్తారు, సగం పెట్టెలకు వట్టి ఉప్పునీరు. ఏది ఎవరికి వెళుతోందో తెలియకుండా సీసాల మీద ఆకుపచ్చ చీటీ, పసుపు చీటీ మాత్రమే అంటిస్తారు. పెట్టెల మీద కూడా అవే రంగులు. ఏ రంగు ఏమిటో మా పెద్ద మేడమ్ ఒక్కరికే తెలుసు. సూదులు వేసి గడ్డలు కొలిచే పరిశోధక విద్యార్థిని ఒకామె ఉంది, మేమంతా కొలతల అమ్మాయి అంటాం, ఆమెకూ తెలియదు. కొలిచే చేతికి సంగతి తెలిస్తే ఆ చేయి ఆశపడిన వైపుకు వంగుతుందని మేడమ్ అంటారు.

నేను చెప్పకూడదు గాని నీకు చెబుతున్నాను. మందు పడుతున్నది ఆకుపచ్చ చీటీ పెట్టెలకే. ఎలుక సుఖంగా ఉందో లేదో దాని గూడు చెబుతుంది. ఆకుపచ్చవి కాగితాన్ని సన్నగా చీల్చి, అంచులు పైకి లేపి, గుండ్రని గిన్నెలా గూడు అల్లుకుంటున్నాయి. వెంట్రుకలు నున్నగా ఉన్నాయి. నేను మూత తీస్తే ముక్కులు పైకెత్తి చూస్తాయి. పసుపు పెట్టెల్లో కాగితం వేసింది వేసినట్టే పడి ఉంటుంది. అవి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒక మూల ముడుచుకుంటాయి. పాపం, ఉప్పునీరు ఏం కాపాడుతుంది? ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడికి మేడమ్ వచ్చి చెప్పనక్కరలేదు.

ఈ మందు గెలిస్తే అందులో నా చేయి కూడా ఉన్నట్టే, అక్కా. బావగారికి నమస్కారాలు.

ఇట్లు నీ తమ్ముడు, బి.ఏ.


మార్చి 11

ఒరేయ్ పండితుడా,

నీ ఉత్తరం వచ్చింది. మీ బావకి చదివి వినిపించా. సగంలో ఆపి "ఇది ఉత్తరమా, ఉపన్యాసమా" అన్నాడు. అక్కకి రాసిన ఉత్తరం కింద బి.ఏ. అని పెట్టుకున్నవాణ్ణి నిన్నే చూశా. నాకింకో తమ్ముడున్నాడా, ఎవడు రాశాడో అని తికమక పడ్డానికి?

అయినా బాగా రాశావులే. మా షాపులో ఎలుక గుడ్డలు కొరికితే బోను పెడతాం. మీవాటికి పరుపులు మారుస్తారన్నమాట. మీ బావ "వచ్చే జన్మలో మీ తమ్ముడి దగ్గర ఎలుకగా పుడతా" అంటున్నాడు.

ఇక్కడ పనికేం తక్కువ లేదు. అన్నీ రిపేర్లే. నడుము దగ్గర వదులు చెయ్యి, నడుము దగ్గర వదులు చెయ్యి, ఇదే గోల. ఊళ్లో జనం లావవుతున్నారు గానీ పొడుగవడంలేదు, అందరికీ కింద కత్తిరించి పక్కన కలపాల్సొస్తోంది.

సరే, అసలు సంగతి. షాపుకొచ్చే ఒకావిడుంది. నా వయసే. ఎడం రొమ్ములో గడ్డ తగిలింది. చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అన్నారు. వచ్చేనెల మొదట్లో ఆపరేషన్ చేస్తామన్నారు. ఆవిడకి నొప్పి లేదు, నీరసం లేదు. పైకి చూస్తే జబ్బు మనిషని ఎవరూ అనరు. నీ ఎలుకల సంగతి చెబితే నోరు తెరుచుకుని విన్నది. ఆ మందు మనుషులకి ఎప్పుడిస్తారు? ఆవిడ ఆగొచ్చా? నిజం రాయి. అందంగా రాయకు.

అక్క


మార్చి 17

గౌరవనీయురాలైన అక్కకు,

నువ్వు వెక్కిరించావు కనుక సంతకం పక్కన ఆ రెండు అక్షరాలు ఈసారి పెట్టడం లేదు. వాటిని సంపాదించడానికి ఎన్ని సాయంకాలాలు పోయాయో మాత్రం మరచిపోవద్దని మనవి.

నీ దుకాణానికి వచ్చే ఆమె విషయం శ్రద్ధగా ఆలోచించాను. సంస్థ ఉద్యోగిగా నేను అధికారికంగా ఏదీ చెప్పకూడదు. అయితే అడిగినది నువ్వు. ఈ వారం కూడా ఆకుపచ్చ వాటి స్థితి ఎంతో బాగుంది. పసుపు పెట్టెల్లో కొన్ని మరీ నీరసించి గట్టి తిండి కొరకలేకపోతుంటే, నానబెట్టి పెట్టమని కొలతల అమ్మాయి చెప్పింది. "ఆకుపచ్చవే కదమ్మా మందువి" అన్నాను. "అంకుల్, మీరు ఊహించకండి. నన్నూ ఊహించనివ్వకండి" అని చెవులు మూసుకుంది. ఆ కంగారు చూస్తేనే నా ఊహ సరైనదని తెలిసిపోయింది.

మేడమ్‌ను కూడా వరండాలో అడిగాను, ఇది మనుషులకు ఎప్పుడు అందుతుందని. ఆమె నవ్వి "అన్నీ కుదిరితే చూద్దాం" అన్నారు. నా కళ్లముందే అన్నీ కుదురుతున్నాయి కనుక మరీ ఎక్కువ కాలం పట్టదని నేను గ్రహించాను.

ఆపరేషన్ మానమని చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. ఆమెతో ఒక్క మాట చెప్పు: తొందరపడి శరీరం మీదికి కత్తిని రానిచ్చే ముందు, విజ్ఞానం ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడం వివేకవంతుల లక్షణం.

పట్టా పుచ్చుకుంటున్న ఫోటో ఇందులో పెడుతున్నాను. ఆ గౌను నా కొలతది కాదు, కళాశాలవారు అందరికీ తొడిగి విప్పించేది. భుజాలు జారుతున్నాయి. నీ కంట పడక మానదు కనుక ముందే చెబుతున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు


మార్చి 28

ఒరేయ్,

ఫోటో చూశా. భుజం మరీ అంత జారితే ఎట్లారా, లోపల్నించి ఒక్క టాకా వేసుంటే సరిపోయేది. మొహం మాత్రం గంభీరంగా ఉంది. మీ బావ "వీడు పట్టా తీసుకుంటున్నాడా, ఇస్తున్నాడా" అన్నాడు. షాపులో అద్దం పక్కన పెట్టా. వచ్చినవాళ్లు కొలతలిస్తూ దాన్నే చూస్తున్నారు.

ఇంక విను. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివా. ఆస్పత్రికెళ్లి, ఆపరేషన్ ఇప్పుడొద్దు, కొన్నాళ్లాగుతాం అని చెప్పొచ్చాను. సర్జన్ ఊరుకోలేదు. ఎందుకమ్మా అన్నాడు. మా తమ్ముడు ఆ పనిలోనే ఉన్నాడు, మందు తయారవుతోంది అన్నా. "మీ తమ్ముడు డాక్టరా?" అన్నాడు. "దాదాపు" అన్నా.

చెప్పొచ్చాను అని రాశానా. అవున్రా, నేనే. షాపుకొచ్చే ఆవిడంటూ ఎవరూ లేరు. గడ్డ నాది. మొదటే చెబితే నువ్వు కంగారుపడిపోయి అసలు సంగతి రాయవని అలా అడిగా. నువ్వు నిజం చెప్పావు గనక ఇప్పుడు నేనూ చెబుతున్నా. కోప్పడకు.

మీ బావ మాత్రం నాతో మాట్లాడ్డం మానేశాడు. పళ్లెం ముందు కూచుని కూడా పేపరే చూస్తాడు. నేను హాయిగా నిద్రపోతున్నా. అంతకుముందు నిద్ర లేదు. ఇది నీ పుణ్యమే.

మందొచ్చినప్పుడు నా పేరు ముందుగా చెప్పిపెట్టు.

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

వెంటనే సర్జన్ దగ్గరకు వెళ్లి ఆపరేషన్‌కు ఒప్పుకో. ఇదే ముందు రాస్తున్నాను, మిగిలినది చదవకపోయినా ఇది చదువుతావని.

నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. బావగారు ఎత్తారు. "నీ మందు సీసాలోకి ఎక్కాక చెయ్యవయ్యా" అని పెట్టేశారు. తరువాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. అందుకని మళ్లీ కాగితమే దిక్కయింది. బయలుదేరి వద్దామంటే పరీక్ష చివరి రోజుల్లో ఉంది. ఈ గదిని ఇంకొకరికి అప్పగించే వీలు లేదు.

నీకు నేను చెప్పని సంగతులు ఉన్నాయి. దాచాలని కాదు, రోజూ చూసేవి కనుక చెప్పాలని తోచలేదు. మా ఎలుకలకు ఈ జబ్బు దానంతట అది రాదు. ఎప్పుడో ఒక ఎలుక రొమ్ము గడ్డ నుంచి తీసి, గాజు పాత్రల్లో పెంచుకుంటూ వచ్చిన కణాలను సూదితో వీటికి ఎక్కిస్తారు. ఎలుకలన్నీ ఒకే వయసువి, ఒకే సంతతివి, కవలల కంటే దగ్గరి పోలికవి. తినేది ఒకటే తిండి, చూసేది ఒకటే వెలుతురు. నీది మనిషి గడ్డ. నీ ఒంట్లో ఎప్పటి నుంచి ఉందో, ఎలా పెరుగుతుందో ఎవరికీ తెలియదు. వాటికి పనిచేసినది నీకు పనిచేస్తుందని మాట ఇవ్వగలవారు మా భవనంలో ఒక్కరూ లేరు. ఎలుకల దగ్గర గెలిచి మనుషుల దగ్గర ఓడిపోయిన మందులను ఈ గదిలో ఉండగానే చాలా చూశాను. గెలిచిన మందు అయినా మనిషికి చేరేసరికి ఏళ్లు పడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా అలా రాశాను.

మేడమ్ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె లేచి తలుపు మూసి వచ్చారు. "మీ అక్కగారిని ఈ వారమే సర్జన్ దగ్గరకు వెళ్లమనండి. మా పని మీద నాకు నమ్మకం లేక కాదు. మా పని ఎంత మొదట్లో ఉందో తెలుసు కనుక చెబుతున్నాను" అన్నారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "ఆవిడకి మంచినీళ్లయినా తాగాలనిపిస్తోందా, భయపడుతున్నారా" అని నీ గురించి అడిగారు. ఆ సంగతి నువ్వు రాయలేదు, నేను అడగలేదు.

భయంగా ఉందా, అక్కా?

నీ తమ్ముడు


ఏప్రిల్ 8

తమ్ముడూ,

షాపుకొచ్చే ఆవిడకైతే మందు, అక్కకైతే కత్తా?

మొన్నొక మాట, ఇవాళొక మాట. మధ్యలో ఏం మారింది? గడ్డ మారలేదు. ఎలుకలు మారలేదు. ఎవరిదో తెలిసేసరికి నువ్వు మారావు. మీ మేడమ్ చివాట్లు పెట్టుంటుంది, బయటివాళ్లకి ఎందుకు చెప్పావని. ఉద్యోగానికి ఎసరొస్తుందని మాట తిప్పేశావు. అదీ కాకపోతే, ఆ మందు ఎవరెవరికో ముందే రాసిపెట్టేసుంటారు, నా దాకా రాదని ఇట్లా నచ్చజెబుతున్నావు. ఏదైనా మొహం మీదే చెప్పు. నువ్వు ఊహించి రాశావు, నేను నమ్మాను. ఇప్పుడు నమ్మొద్దంటే ఎట్లా?

నాకేం కాలేదు. తింటున్నా. రోజంతా మిషన్ తొక్కుతున్నా. అద్దంలో చూసుకుంటే మొహం నిగనిగలాడుతోంది కూడా. అచ్చం నీ ఆకుపచ్చ చీటీ ఎలుకల్లాగే ఉన్నా. సుఖంగా ఉన్నదానికి గూడు చక్కగా ఉంటుందని నువ్వే గదా రాసింది? మొన్న ఇల్లంతా దులిపి, కిటికీలన్నిటికీ కొత్త కర్టెన్లు కుట్టి వేశా. వచ్చి చూసుకో.

భయమా అని అడిగావు. చెబుతా. మీ బావక్కూడా చెప్పలేదు. రొమ్ము పోతే పోయిందిరా, ఇంక దాంతో నాకేం పని. చంకలో గ్రంథులు కూడా తీస్తారట. ఆస్పత్రి బెంచీ మీద నా పక్కన ఒకావిడ కూచుంది, అది చేయించుకుని చాలా కాలమైందిట. చెయ్యి దిండులా ఉబ్బిపోయుంది. వేళ్లు ముడవలేకపోతోంది. పర్సు జిప్పు కూడా నన్నే తీసిపెట్టమంది. నాది ఎడం వైపు. గుడ్డని సూది కిందకి నడిపేది ఎడం చెయ్యే. కుడి చెయ్యికేముంది, వెనక నుంచి ఆసరా. ఆ ఎడం చెయ్యి అట్లా అయిపోతే నేనెవర్ని? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి?

దీనికి నీ చదువులో జవాబుంటే రాయి. లేకపోతే రాయకు.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. మొదలుపెట్టిన కాగితాలన్నీ చింపేశాను. ఈ రోజు రాయవలసినది ఉంది.

పరీక్ష ముగిసింది. చివరి రోజున ఎలుకలను మత్తులోనే నొప్పి తెలియకుండా పంపేస్తారు. తరువాత బల్ల మీద ఒక్కొక్కదాన్నీ తెరిచి గడ్డలను, లోపలి అవయవాలను చూస్తారు. రంగుల గుట్టు విప్పేది అన్నిటికన్నా చివర. నేను ఎప్పుడూ ఆ గదికి వెళ్లను. నీళ్లు పోసిన చేతులు కనుక చూడలేను. ఈసారి నిలబడతానని మేడమ్‌ను అడిగాను. ఆమె "సరే రండి" అన్నారు.

ముందు ఆకుపచ్చవి తీశారు. చనిపోయాక కూడా వెంట్రుకలు నున్నగానే ఉన్నాయి. తిరగేస్తే పొట్ట పక్కన గడ్డ, పెద్ద బఠానీ అంత. పెట్టెలో పై నుంచి చూసేవాడికి అది కనబడదు. కొలతల అమ్మాయి ఛాతీ తెరిచింది. "అంకుల్, మీరు బయట కూర్చుంటారా?" అంది. "లేదమ్మా, నీ పని కానియ్యి" అన్నాను. ఊపిరితిత్తుల మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లని చుక్కలు. ఒకదానికి కాదు. ఆకుపచ్చ చీటీ ఉన్న ప్రతిదానికీ.

తరువాత పసుపువి. చేతిలోకి తీసుకుంటే కాగితంలా ఉన్నాయి, ఎముకలు తగులుతున్నాయి. గడ్డలు ఆవగింజంత. కొన్నిటిలో వెతికినా దొరకలేదు. ఊపిరితిత్తులు శుభ్రంగా, లేత గులాబీ రంగులో ఉన్నాయి.

అప్పుడు మేడమ్ చెప్పారు. "పసుపు మందు. ఆకుపచ్చ ఉప్పునీరు."

కొలతల అమ్మాయి నా వైపు చూసి వెంటనే తల తిప్పుకుంది.

అక్కా, నేను మొత్తం తలకిందులుగా చెప్పాను. ఆకుపచ్చవి బాగున్నట్టు కనిపించాయి, ఎందుకంటే వాటిని ఎవరూ ఏమీ చేయలేదు. మందు కష్టం కూడా వాటికి లేదు. పసుపువి చిక్కిపోయింది మందు వల్ల. వాటి గడ్డలు కరిగిందీ మందు వల్లే. నేను గూడు చూసి తీర్పు చెప్పాను. ఆ గూళ్లు అంత అందంగా అల్లుతున్న రోజుల్లోనే లోపల చుక్కలు పడుతున్నాయి. వాటికి నొప్పి లేదు, నీరసం లేదు. నేను మూత తీస్తే ముక్కులు పైకెత్తి చూసేవి.

కొత్త కర్టెన్లు కుట్టి వేశానని నువ్వు రాసిన ఉత్తరం లోపలి జేబులో పెట్టుకుని ఆ బల్ల దగ్గర నిలబడ్డాను.

నువ్వు అడిగిన వాటికి జవాబులు. అవును, ఎవరిదో తెలిసేసరికి నేను మారాను. పరాయి ఆమె అనుకున్నంతసేపూ నా ఊహ నాకు ముద్దుగా ఉంది. పరాయి ఆమెకైనా అలా రాయకూడదు. మేడమ్ నన్ను భయపెట్టలేదు. మందును ఎవరికీ దాచిపెట్టలేదు. దాచడానికి మందే లేదు. ఎలుకలు ఇంతగా చిక్కితే పనికిరాదని, మోతాదు మార్చి మళ్లీ మొదటి నుంచి చేయాలని నిర్ణయించారు.

నీ ఎడమ చేతి సంగతి నాకు తెలియదు. సర్జన్‌ను అడుగు. గుడ్డను నడిపే చేయి అదేనని, అది లేకపోతే నీకు పొద్దు గడవదని, బల్ల ఎక్కకముందే ఆయనతో చెప్పు. చెప్పకపోతే ఆయన చూసేది ఒక చంకను మాత్రమే.

సెలవు దొరికింది. శనివారం ఉదయపు బండికి వస్తున్నాను. బావగారు తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను. నిన్ను ఆస్పత్రికి తీసుకువెళ్లేదాకా లేవను.

నీ తమ్ముడు


మే 6

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు తిరుగు బండెక్కిన తర్వాత కుట్లు విప్పారు. అద్దంలో చూసుకున్నా. దూరం దూరంగా వేశాడు గానీ బిగువుగానే ఉంది. ఆ మాటే అంటే సర్జన్ నవ్వి "ఈసారి మీ దగ్గర నేర్చుకుని వేస్తానమ్మా" అన్నాడు. ఈసారొద్దు నాయనా అన్నా.

చెయ్యి ఉబ్బలేదు, ఇప్పటికైతే. ముందే చెప్పడం మంచిదైంది. గుడ్డ నడిపే చెయ్యి అనగానే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని కూచున్నాడు. రొమ్ములోకి రంగు మందు ఎక్కించి, అది ముందుగా చేరే గ్రంథులేవో చూసి అవే తీశాడు. మిగతావాటి జోలికి పోలేదు. రోజూ గోడ మీద వేళ్లు పైకి పాకించమన్నారు. మీ బావ గోడ మీద సుద్దతో గీత గీశాడు. నేను గీత దాటితే, ఆయనొచ్చి దాన్ని ఇంకాస్త పైకి గీస్తున్నాడు. బడిలో ఇంత కష్టపడుంటే నాకూ పట్టా వచ్చేది.

రిపోర్టొచ్చింది. తీసినవాటిలో ఒకదాంట్లో ఉందిట. చిన్న మచ్చ. మిగతావి బాగున్నాయి. ఇంక కొయ్యక్కర్లేదు, మందులు ఎక్కించి, తర్వాత రేడియేషన్ ఇస్తారు. ఆ మచ్చ నేను ఆగిన ఆ కాస్త కాలంలో వచ్చిందా అని అడిగా. "చెప్పలేనమ్మా. ముందే ఉండుండొచ్చు, తర్వాత రావొచ్చు. ఎవరూ చెప్పలేరు" అన్నాడు. నువ్వు ఇది చదివి లెక్కలేసుకుంటూ కూచుంటావని నాకు తెలుసు. రాయొద్దనుకున్నా. ఒకసారి దాచి చూశాం గదా, ఏమైందో. అందుకని రాస్తున్నా. లెక్కలెయ్యకు.

మందులు మొదలైతే జుట్టు ఊడుతుందిట, తిండి సహించదట. ఇంక నాది పసుపు చీటీ, ఇల్లు సర్దమని అడక్కు అని మీ బావతో చెప్పేశా.

ఆయన నీ మీద ఇంకా గుర్రుగానే ఉన్నాడు. ఆస్పత్రి వరండాలో పిలవకుండానే నీ పక్కన టీ తెచ్చిపెట్టాడు గదా అంటే, "టీ వేరు" అంటాడు.

ఇంకో సంగతి. వార్డులో నా పక్క మంచం ఆవిడ గుర్తుందా, బడి బస్సు నడుపుతుందే, నీకు సీటు బెల్టు గురించి పాఠం చెప్పింది. పరీక్షల కోసం చేరిందప్పుడు. తనకీ ఇదే తేలింది. ఈ నెలాఖరుకి ఆపరేషన్. మొన్న షాపుకొచ్చింది. ఎవరో పేపర్లో చూసి చెప్పారట, కొత్త మందుతో ఎలుకలకి గడ్డలు కరిగిపోయాయని. "ఆగితే ఏమంటావక్కా, నాకు నొప్పే లేదుగా" అంటోంది. నేనెంత చెప్పినా ఎక్కడంలేదు. "నీకు ధైర్యం చాలక కోయించుకున్నావులే" అంది, నా మొహం మీదే. నీ సంగతి చెప్పి, ఉత్తరాలున్నాయి అన్నా. ఇస్తే చదువుతానంది.

ఇవ్వనా? మార్చి పదిహేడు నాటిది ఉంది చూడు, వివేకవంతులు అని రాశావు. అది తీసేసి ఇవ్వనా? నీ పరువు, నీ ఇష్టం.

అక్క


మే 11

అక్కా,

లెక్కలు వేయవద్దన్నావు. వేశాను. తేలలేదు. తేలదని తెలిసి కూడా అప్పుడప్పుడు వేస్తాను, నీకు మాత్రం ఆ మాట మళ్లీ రాయను.

కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి చీటీలు నీలం, నారింజ. కొలతల అమ్మాయి గుమ్మంలో నిలబడి "ఏమనుకుంటున్నారు అంకుల్, ఏది మందు?" అని ఆటపట్టించింది. "గదిలో వేడి కాస్త తక్కువగా ఉందమ్మా, సరిచేస్తున్నాను" అన్నాను. నవ్వుతూ వెళ్లిపోయింది. మేడమ్ నీ గురించి అడిగారు. గోడ మీది గీత సంగతి చెప్పాను. ఎంత ఎత్తు వచ్చిందో ఈసారి రాయమన్నారు. రాయి.

ఉత్తరాలు ఆమెకు ఇవ్వు. నీవి నా దగ్గర ఉన్నవన్నీ ఇందులో పెడుతున్నాను, నావీ నీవీ కలిపి, తేదీల వరుసలో పెట్టి ఇవ్వు. మార్చి పదిహేడు నాటిది తీసేయకు. అది లేకుండా చదివితే నేను మొదటి నుంచీ తెలిసినవాడిలా కనబడతాను. అన్నీ తెలిసినవాళ్లు ఆమెకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నొప్పి లేదు కదా అని ఆమె మళ్లీ అన్నప్పుడు, ఏప్రిల్ పదిహేడు నాటిది నువ్వు పక్కన కూర్చుని చదివి వినిపించు. గొంతు మాత్రం పెంచకు. నువ్వు గొంతు పెంచితే ఎవరూ వినరు, నాకు తెలుసు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. ఆమె కంటే ముందు బావగారు చదవాలి. పత్రిక చదివేటప్పుడు నచ్చని మాట కింద పెన్సిలుతో గీత పెడతారు కదా, నా ఉత్తరాల్లోనూ ఎక్కడ నన్ను తిట్టాలనిపిస్తే అక్కడ గీత పెట్టమను. ఎన్నయినా సరే. ఆ తరువాత, ఆపరేషన్ తేదీ రాకముందే, బస్సు నడిపే ఆమె చేతికి ఇవ్వు. గీతలు చెరపకుండా ఇవ్వు.